లింక్ పంపితే చదువు చెప్పినట్టేనా?

కరోనా కాలంలో మన డిగ్రీ కాలేజీల్లో సాగిన ఆన్‌లైన్ చదువు మీద వచ్చిన పరిశోధన పత్రాలను అందినవి అందినట్టు చదువుతూ వచ్చాను. చదివిన కొద్దీ కడుపు మండుతోంది. ఆన్‌లైన్ తరగతులపై విద్యార్థుల అభిప్రాయాలనో, డిజిటల్ బోధనపై సంతృప్తి స్థాయి అనో ఏ పేరు పెట్టినా, నేను చూసినవాటిలో చాలావాటి తయారీ తీరు ఒక్కటే. గూగుల్ ఫారం ఒకటి చేస్తారు. దాని లింకును వాట్సాప్ గ్రూపుల్లో వదులుతారు. నింపినవాళ్లు నింపుతారు. వచ్చిన జవాబులకు శాతాలు కట్టి, రంగురంగుల బొమ్మలు గీసి, నెట్‌వర్క్ సమస్య కొంత ఉందని చివర్లో ఒక్క ముక్క రాసి పత్రం ముగిస్తారు.

ఆ ఫారం ఎవరు నింపారు? ఫోన్ ఉన్నవాళ్లు, అందులో బ్యాలెన్స్ ఉన్నవాళ్లు, ఆ గ్రూపులో ఉన్నవాళ్లు నింపారు. ఆసిఫాబాద్ వైపు తిర్యాణి గుట్టల్లో ఉండే పిల్లవాడు నింపలేదు. సిగ్నల్ లేదని చెప్పుకోవడానికి కూడా వాడికి సిగ్నల్ కావాలి కదా! ఎవరి గోడు వినాలో సరిగ్గా వాళ్లనే వదిలేసి, మిగిలినవాళ్లలో డెబ్బై శాతం సంతృప్తిగా ఉన్నారనో అరవై శాతం ఉన్నారనో తేల్చడం పరిశోధన ఎలా అవుతుంది? దాన్ని ప్రచురించుకుని, ప్రమోషన్ ఫైలులో జతపరుచుకుని, తర్వాతి సెమినార్‌కు బయలుదేరినవాళ్లకు రాత్రి నిద్ర ఎలా పడుతోందో నాకు అర్థం కాదు.

నేను డిగ్రీ పిల్లలకు కామర్స్ చెబుతాను. 2020 సెప్టెంబర్ 1న మన తెలంగాణ రాష్ట్రంలో ఆన్‌లైన్ తరగతులు మొదలైనప్పుడు మేమంతా ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చున్నాం. అరవై మంది ఉండాల్సిన క్లాసులో పట్టుమని పదిమంది వచ్చినరోజు మంచి హాజరు కింద లెక్క. అయినా పైనుంచి ఒక నమూనా వచ్చేది. ఎన్ని తరగతులు తీసుకున్నారు, ఏ యాప్ వాడారు, స్క్రీన్‌షాట్ జతపరచండి అని అందులో గడులు ఉండేవి. ఎంతమందికి అందింది, ఎంతమందికి అర్థమైంది అన్న గడి మాత్రం లేదు. అది పెట్టండని అడిగాను. గోడకు చెప్పుకున్నట్టయింది.

కోరుట్ల దగ్గరి ఒక ఊరి అమ్మాయి నా క్లాసులో ఉండేది. వీడియో పెట్టమంటే పెట్టేది కాదు. ఒకరోజు చెయ్యి తగిలి కెమెరా ఆన్ అయింది. ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి పెట్టుకుంది. ఒళ్లో చేట ఉంది. తడిపిన తునికాకును అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరిస్తోంది. చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడుస్తోంది. వేళ్లు ఒక్క క్షణం ఆగడం లేదు. ఏది డెబిట్, ఏది క్రెడిట్ అని నేను ఇటు జర్నల్ ఎంట్రీలు చెబుతున్నాను. వింటూ నోట్సులో గీతలు కొట్టి అంకెలు వేసుకోవాల్సిన పాఠం అది. ఆ పిల్లకు పెన్ను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కెమెరా ఆన్ అయిన సంగతి చూసుకుని గబుక్కున ఆపేసింది. సాయంత్రం ఫోన్ చేసింది.

"మేడం, కోపం చెయ్యకుండ్రి. ఇంట్ల ఉంటె అవ్వ ఊకోదు, బీడీలు చెయ్యమంటది. కాలేజీకి వస్తెనే మేడం నేను సదువుకునేది."

ఆమె వాళ్లమ్మను తప్పుపట్టలేదు, నేనూ పట్టను. వెయ్యి బీడీలు చేసి కార్ఖానాలో అప్పగిస్తే గానీ కూలి రాదు. కరోనా రోజుల్లో ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. కానీ ఆ పిల్ల ఆఖరున అన్న మాట ఏ పరిశోధన పత్రంలోనూ నాకు కనబడలేదు. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, నిర్మల్ వైపు బీడీలు చుట్టే ఇళ్లలో ఆడపిల్లకు కాలేజీ అంటే పాఠం చెప్పే చోటు మాత్రమే కాదు, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఇంటి పని ఆమె చేతికి అందని చోటు. ఆ నాలుగైదు గంటలు బస్ పాస్ ఆమెకు కొనిపెట్టేది. చదువును ఇంటికి తెస్తున్నామని గొప్పగా ప్రకటించినవాళ్లకు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

జగిత్యాల వైపు పిల్లవాడొకడు మరోమాట చెప్పాడు. "మా బాపు దుబాయ్ నుంచి ఇమో చేస్తడు మేడం. ఆయనకు తీరేది గా యాళ్లకే. కాల్ వస్తె క్లాస్ కట్ అయితది." ఇంటికంతటికీ ఉన్నది ఒక్క ఫోన్. రెండేళ్లుగా చూడని తండ్రి ముఖం ఒకవైపు, నా పాఠం మరోవైపు. ఏది ఎంచుకోమని చెప్పను ఆ పిల్లవాడికి?

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా పిల్లల సంగతి ఇంకా ఘోరం. 2020 మార్చిలో హాస్టళ్లు మూసి అందర్నీ ఇళ్లకు పంపేశారు. ఉట్నూరులోనో ఆసిఫాబాద్‌లోనో ఉంటే కరెంటు, తిండి, టవర్, పక్కన చదువుకునే తోటివాళ్లు అన్నీ ఉండేవి. కెరమెరి ఘాట్ దాటి, నార్నూర్, గాదిగూడ వైపు లోపలి గూడేలకు వెళ్లిపోయిన పిల్లవాడికి వీటిలో ఒక్కటీ మిగల్లేదు. ఇంట్లో మాట్లాడేది గోండి, లేదా కొలామి. బడిలో చదివింది తెలుగు. ఆన్‌లైన్‌లో చూడమని పంపే వీడియోల్లో చాలాభాగం ఇంగ్లీషు. ఎదురుగా అయ్యవారు ఉంటే ముఖం చూసి పిల్లవాడికి అందలేదని గ్రహిస్తాడు, మళ్లీ తెలుగులో చెబుతాడు, అదీ అందకపోతే పక్కనున్న గోండు పిల్లవాణ్ని లేపి చెప్పమంటాడు. రికార్డు చేసిన వీడియో ఎవరి ముఖమూ చూడదు. ఆ జిల్లా డిగ్రీ కాలేజీలన్నీ వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. మార్కుల మెమోలో తప్పు పడితే సరిచేయించుకోవడానికే వందల కిలోమీటర్లు పోవాలి. అంత దూరాన ఉన్న పెద్దలకు ఆ గూడెం పిల్లవాడు చదువు మానేశాడన్న కబురు ఎవరు చేరవేస్తారు?

ముందు తెలియదని తప్పించుకోవడానికి కూడా వీల్లేదు. కరోనాకు ముందే, 2017-18లో జాతీయ నమూనా సర్వే 75వ విడతలో ఇంటింటికీ తిరిగి అడిగారు. దేశం మొత్తం మీద పల్లెల్లో నూటికి 4.4 ఇళ్లలోనే కంప్యూటర్ ఉందని, 14.9 ఇళ్లకే ఇంటర్నెట్ సౌకర్యం ఉందని తేలింది. ఈ అంకెలు ప్రభుత్వం అచ్చువేసినవే. బల్లమీద ఈ పుస్తకం పెట్టుకునే, అందరికీ ఆన్‌లైన్ అని ఉత్తర్వు మీద సంతకం చేశారు.

ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటుంది. దూరవిద్య అంటే ఏమిటో దేశానికి నేర్పిన మనిషి మన కరీంనగర్ జిల్లా బిడ్డే. ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసి, 1982లో దేశంలోనే మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి హైదరాబాద్‌లో పునాది వేశారు. ఇవాళ మనం అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నది అదే. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు తొలి వైస్ చాన్సలర్ ఆయనే. తర్వాత యూజీసీ చైర్మన్ అయ్యారు. 1982లో ఆయన దగ్గర ఇంటర్నెట్ లేదు, స్మార్ట్‌ఫోన్ లేదు. కానీ తన విద్యార్థి ఎవరో ఆయనకు స్పష్టంగా తెలుసు. మధ్యలో చదువు మానేసి ఏదో పనిలో పడిన మనిషి. అందుకే పాఠాలు తెలుగులో అచ్చు వేయించి పోస్టులో పంపే ఏర్పాటు చేశారు. రేడియోను వాడుకున్నారు. ఊళ్లలోని ప్రభుత్వ కాలేజీల్లోనే అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజు వచ్చి అయ్యవారిని ఎదురుగా అడిగి సందేహం తీర్చుకునే వీలు కల్పించారు. అందులోనూ లోపాలు ఉన్నాయి, పాఠాలు ఆలస్యంగా అందిన సంవత్సరాలూ ఉన్నాయి. అయినా మనిషి ఎక్కడున్నాడో చూసుకుని, అక్కడికి ఏది చేరుతుందో దాన్నే పట్టుకోవాలన్న ఇంగితం ఆ పనిలో ఉంది.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆ ఇంగితం ఎటు పోయింది? ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం ఉంది. పోస్టాఫీసు ప్రతి మండలంలో ఉంది. నా పిల్లల దాకా ఒక్క రేడియో పాఠం రాలేదు, పోస్టులో ఒక్క పుస్తకం రాలేదు. లింకు మాత్రం వచ్చింది.

ప్రపంచంలో ఈ విషయం మీద పరిశోధన కరువై ఇలా జరిగిందా అంటే అదీ కాదు. 1983లోనే రిచర్డ్ క్లార్క్ అనే అమెరికన్ పరిశోధకుడు అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ వడబోసి తేల్చిచెప్పాడు: బోధనలో మాధ్యమం అనేది సరుకు తెచ్చే లారీ లాంటిది, మన ఒంటికి పట్టేది సరుకే గానీ లారీ కాదు అని. ఆ మాట మీద వాదోపవాదాలు దశాబ్దాల పాటు నడిచాయి. 2010లో అమెరికా విద్యాశాఖ వేయించిన నివేదికలో ముఖాముఖి బోధనకు ఆన్‌లైన్‌ను జోడిస్తే ఫలితాలు కొంత మెరుగ్గా కనిపించాయి. అయితే ఆ మెరుగు ఆన్‌లైన్ వల్ల వచ్చిందని అనుకోవద్దని, అలాంటి తరగతుల్లో పిల్లలకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా దొరికాయని అదే నివేదిక హెచ్చరించింది. మనవాళ్లు మొదటి సగం పట్టుకుని సెమినార్లలో చదివారు, రెండో సగం వదిలేశారు.

నేను అందరి ముందూ పెట్టాలనుకునే అధ్యయనం మరొకటి. వాషింగ్టన్ రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీల మీద కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు డీ షూ, షన్నా జాగర్స్ చేశారు. అక్కడి కమ్యూనిటీ కాలేజీలంటే ఇంచుమించు మన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు. పేద పిల్లలు, పనిచేసుకుంటూ చదివేవాళ్లు చేరే చోట్లు. ఆ పరిశోధకులు ఎవరికీ ఫారం పంపలేదు. సుమారు 40 వేల మంది విద్యార్థుల రికార్డులు తీసుకుని, ఎవరు ఏ కోర్సు ఆన్‌లైన్‌లో చదివారు, ఏది తరగతి గదిలో చదివారు, దేంట్లో నిలిచారు, దేంట్లో మానేశారు అని ఏళ్ల తరబడి జాడ తీశారు. దాదాపు అందరూ ఆన్‌లైన్‌లో వెనకబడ్డారు. కానీ ముందునుంచే చదువులో వెనకబడి ఉన్నవాళ్లు, నల్లజాతి విద్యార్థులు, చిన్న వయసువాళ్లు మరీ ఎక్కువగా దెబ్బతిన్నారు. అంటే ఉన్న అంతరాన్ని ఆన్‌లైన్ ఇంకా పెంచింది. ఈ ఫలితాలు 2013 నాటికే బయటికి వచ్చాయి. మన దగ్గర ఆన్‌లైన్ ఉత్తర్వు రావడానికి ఏడేళ్ల ముందు!

ఇక ప్రపంచస్థాయి ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా దొరుకుతాయని ఊదరగొట్టిన మూక్ కోర్సులు. హార్వర్డ్, ఎంఐటీ నడిపిన కోర్సుల రికార్డులను పరిశీలించి జస్టిన్ రీచ్, ఆయన సహ పరిశోధకుడు 2019లో సైన్స్ పత్రికలో రాశారు. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది నూటికి ముగ్గురు. ఇది ఇంట్లో నెట్, కంప్యూటర్ ఉండి తమంతట తాము చేరినవాళ్ల సంగతి. ఆ ముగ్గురిలో నార్నూర్ పిల్లవాడు ఉంటాడని ఎవరు నమ్ముతారు?

అయినా మన పెద్దలు నమ్ముతున్నట్టే ఉన్నారు. స్వయం అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక మీది కోర్సుల క్రెడిట్లను 20 శాతం వరకు ఒప్పుకోవచ్చని మొదట్లో ఉన్న నిబంధనను యూజీసీ 2021లో 40 శాతానికి పెంచింది. మంచి అధ్యాపకులున్న కాలేజీలో అది అదనపు వరం కావచ్చు, కాదనను. అధ్యాపకులే లేని కాలేజీలో ఏమవుతుంది? ఖాళీ పోస్టు నింపడానికి జీతం ఇవ్వాలి, లింకు పంపడానికి ఏమీ ఇవ్వనక్కర్లేదు. ఏళ్లుగా కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులతో నెట్టుకొస్తున్న మా ప్రాంతంలో ఏ దారి పడతారో చెప్పడానికి జ్యోతిష్యం తెలియాలా?

అడిగేవాళ్లు కూడా లేకుండా పోయారు. 2019లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావాటి వైస్ చాన్సలర్ల పదవీకాలం ముగిసింది. మళ్లీ నియమించింది 2021 మేలో. ఈ మధ్యలోనే కరోనా వచ్చింది, హాస్టళ్లు మూశారు, చదువంతా ఫోన్ల మీదికి మారింది. చదువు చరిత్రలోనే ఇంత పెద్ద మార్పు వచ్చిపడిన కాలంలో విశ్వవిద్యాలయాలను ఇన్‌చార్జి అధికారులకు అప్పగించి నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. వేరే పది శాఖల ఫైళ్లు చూసుకునే అధికారి, కోరుట్ల పిల్ల వేళ్ల మధ్య పెన్ను ఎందుకు లేదో ఎప్పుడు ఆలోచిస్తాడు?

బాసర చూడండి. 2008లో పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం అసలు ఉద్దేశమే సాంకేతికతతో చదువు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి దానికి తొలి చాన్సలర్. పదో తరగతిలో మెరిసిన పల్లెటూరి సర్కారు బడి పిల్లలను ఒక్కచోట చేర్చి, తలా ఒక లాప్‌టాప్ ఇచ్చి, తిండి, వసతి, పక్కన మార్గదర్శకులు అన్నీ కలిపి ఇవ్వాలన్న ఆలోచన అది. మన ఉత్తర తెలంగాణ గడ్డ మీద అంతకంటే మంచి ప్రయోగం జరగలేదు. ఏం చేశారు దాన్ని? 2022 జూన్‌లో అక్కడి పిల్లలు వేలమంది క్లాసులు మానేసి ఎండలో, వానలో గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్లు అడిగినవాటిలో పూర్తికాలపు వైస్ చాన్సలర్, అధ్యాపకులు, లాప్‌టాప్‌లు ఉన్నాయి. సాంకేతికతతో బోధన మళ్లీ జరపండన్నది కూడా ఉంది. దేనికోసం ఆ విశ్వవిద్యాలయాన్ని కట్టారో దాన్నే ఇవ్వండని పద్దెనిమిదేళ్ల పిల్లలు నేల మీద కూర్చుని అడగాల్సి వచ్చింది. వారం రోజులు కూర్చుంటే గానీ హామీ రాలేదు. ఆ ఏడాది చివర లాప్‌టాప్‌లు ఇచ్చారు, ఫొటోలు దిగారు. 2008 నుంచి అక్కడ చదివిన వేలమంది మీద ఆ పద్ధతి ఏ ఫలితం ఇచ్చింది, ఏది పనికొచ్చింది, ఎక్కడ తప్పింది అన్న సమగ్ర అధ్యయనం ఎవరైనా జనం ముందు పెట్టారా? నేను వెతికాను, నా కంటికి కనబడలేదు. అమెరికాలో ఎవరో చేసిన పరిశోధనను నేను ఇక్కడ ఉటంకించాల్సి రావడం నాకు సిగ్గుగా ఉంది. మన పిల్లల మీద జరిగిన ప్రయోగానికి మన దగ్గరే ఫలితాల పట్టిక లేదు.

డబ్బు లేక చేయలేదని అనకండి. ఈ పనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. 2016 నుంచి డిగ్రీలో చేరే విద్యార్థుల్లో అత్యధికులు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ద్వారానే చేరుతున్నారు. పేరు, ఊరు, ఇంటర్ మార్కులు, సామాజిక వర్గం, ఫోన్ నంబరు అన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి. ఎవరు ఏ సెమిస్టర్ పరీక్ష రాశారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాల పరీక్షల విభాగాల్లో ఉంది. 2020లో చేరినవాళ్లు 2023లో బయటికి రావాలి. ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెడితే, ఎవరు రాలేదో ఒక పూటలో తేలిపోతుంది. ఏ మండలం నుంచి ఎక్కువమంది రాలిపోయారు, ఆడపిల్లలెందరు, గిరిజనులెందరు అన్నీ కళ్లముందు ఉంటాయి. వాషింగ్టన్‌లో చేసింది ఇలాంటి పనే. అంత దగ్గరున్న కాగితాన్ని ఇన్నేళ్లుగా ఎవరూ తిప్పకపోవడాన్ని నిర్లక్ష్యం అంటే ఆ మాట చాలదు. ఆ పిల్లలు ఏమైతే మాకేంటి అని చెప్పకనే చెప్పడం ఇది.

నా కోరుట్ల అమ్మాయి రెండో సెమిస్టర్ పరీక్షకు రాలేదు. ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. ఆమె లాంటివాళ్లు ఎందరు? ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టి ఎవరూ చెప్పలేరు. ఆన్‌లైన్ బోధన మీద ఈ ఏడాది ఇంకో సదస్సు పెట్టి, ఇంకో ప్రారంభోత్సవ దీపం వెలిగించి, ఇంకో సంచిక అచ్చువేసే ముందు ఆ రెండు జాబితాలు తెప్పించండి. పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకు గూగుల్ ఫారం కాకుండా బస్ చార్జీ ఇవ్వండి. గోండి, కొలామి తెలిసినవాళ్లను వెంట పంపండి. రాలిపోయినవాళ్ల పేర్లు మండలాలవారీగా రాసుకుని తిర్యాణి నుంచి మొదలుపెట్టండి. ఫోన్ కలిస్తే మాట్లాడండి, కలవకపోతే ఇంటికి పోయి అడగండి. మళ్లీ చదువుతామన్నవాళ్లకు ఫీజు లేకుండా అదే కాలేజీలో, అదే తరగతి గదిలో సీటు ఇవ్వండి.